వెన్నులో చీము పడితే టీబీయేనా?

నడుం నొప్పి నెలల తరబడి తగ్గదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. మనిషి చిక్కిపోతాడు. చివరికి ఎమ్మారై తీయిస్తే రెండు వెన్నుపూసలు, వాటి నడుమ డిస్కు పాడైపోయి, పక్కన చీము కనబడుతుంది. ఇన్‌ఫెక్షన్ అనీ, బహుశా టీబీ కావచ్చనీ రేడియాలజిస్టు రిపోర్టు అడుగున రాస్తాడు. ఆయన రాసింది అనుమానం. ఎముకల డాక్టరు గదిలోకి వెళ్లేసరికి అదే నిర్ధారణ అయి కూర్చుంటుంది. మందుల షాపుకు చేరేసరికి ఏడాది కోర్సు అవుతుంది. ఇంత ప్రయాణంలో ఆ చీములో ఉన్న క్రిమి ఏదో ఎవరూ చూసి ఉండరు.

ఒకరిద్దరు డాక్టర్ల బద్ధకమే అయితే దీని మీద వ్యాసం రాయనక్కర్లేదు. దీని వెనక గట్టి నమ్మకం ఒకటి ఉంది. వార్డు రౌండ్లలో, పీజీ విద్యార్థుల పాఠాల్లో అనుభవసారం పేరుతో దాన్ని తరం నుంచి తరానికి అప్పగిస్తున్నారు. మన దేశంలో వెన్నుకు ఇన్‌ఫెక్షన్ వస్తే అది టీబీయే. పరీక్ష కోసం ముక్క తీయడం (బయాప్సీ) రోగిని అనవసరంగా బాధపెట్టడం. మందులు మొదలుపెడితే, తగ్గినప్పుడు టీబీ అని దానంతటదే తేలుతుంది. ఇక క్రిమి జన్యువును సీక్వెన్సింగ్ చేసి చదవడమంటారా, అది డబ్బున్న దేశాల ముచ్చట. ఈ నాలుగు మాటల్లో మొదటిది సగం నిజం. మిగిలిన మూడూ తప్పు. ఆ తప్పుకు రోగులు తమ వెన్నుతో మూల్యం చెల్లిస్తున్నారు.

మొదటి మాటకు ఇవ్వాల్సిన మర్యాద ఇద్దాం. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎముకలకు, కీళ్లకు వచ్చే టీబీలో సుమారు సగం వెన్నుకే వస్తుంది. లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ 1779లో వర్ణించిన గూని, చచ్చుబడిన కాళ్లు ఈనాటికీ మన ఆసుపత్రుల్లో కనిపిస్తాయి. అందుకే వెన్నులో చీము చూడగానే టీబీ గుర్తుకు రావడం మంచి డాక్టరు లక్షణమే. గుర్తుకొచ్చిన చోటే ఆలోచన ఆగిపోతే మాత్రం చిక్కు. ఊళ్లో దొంగతనం జరిగిన ప్రతిసారీ పాత కేడీనే స్టేషనుకు ఈడ్చుకెళ్లే ఎస్సై, పదిసార్లకు ఏడుసార్లు సరైనవాడినే పట్టుకోవచ్చు. అయినా దాన్ని దర్యాప్తు అనం.

పైగా ‘ఎక్కువ భాగం టీబీయే’ అన్న లెక్క ఎలా పుడుతోందో చూడండి. ముక్క పరీక్ష లేకుండా టీబీ మందులు మొదలైన ప్రతి రోగీ రిజిస్టర్లో టీబీ రోగిగానే ఎక్కుతాడు. వచ్చే ఏడాది ఆ రిజిస్టరే చూసి ‘మనవన్నీ టీబీ కేసులే’ అంటాం. పరీక్షించకపోవడం వల్ల పుట్టిన అంకె, పరీక్ష అక్కర్లేదనడానికి సాక్ష్యంగా మారుతోంది. బ్రూసెల్లా కోసం ఎవరూ వెతకని ఆసుపత్రిలో బ్రూసెల్లా కేసులు సున్నా ఉండటంలో వింతేముంది?

బ్రూసెల్లా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. టీబీ వేషం దీనికి కుదిరినట్టు మరో క్రిమికి కుదరదు. పశువులు ఈసుకుపోవడానికి, అంటే నెలలు నిండకముందే కడుపులో దూడ పడిపోవడానికి, ఇది పెద్ద కారణం. మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహం నుంచి బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లో ఈ క్రిమిని వేరుచేశాడు. మేకలే దీనికి ఆశ్రయమని 1905లో అక్కడి వైద్యుడు థెమిస్టోక్లిస్ జామిట్ తేల్చాడు. పచ్చిపాలు తాగేవాళ్లకు, ఈనే సమయంలో మాయను ఉత్త చేతులతో తీసేవాళ్లకు, గొర్రెల కాపరులకు, పశువైద్య సిబ్బందికి, కబేళా పనివాళ్లకు ఇది సోకుతుంది. వచ్చి పోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి దీని లక్షణాలు. వెన్నులో చేరితే ఎక్కువగా నడుం భాగంలోనే కూర్చుంటుంది. ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే గ్రాన్యులోమాలు అనే కణాల గుంపులు కనిపిస్తాయి. టీబీలోనూ కనిపించేవి అవే. కాబట్టి పెథాలజీ రిపోర్టులో ఆ మాట చూడగానే కేసు మూసేయడం కూడా తొందరపాటే.

2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ప్రభుత్వం బ్రూసెల్లా టీకా వేయిస్తోంది. అంటే ఈ రోగం మన పశువుల్లో ఉందని పశుసంవర్ధక శాఖకు బాగా తెలుసు. అదే గొడ్డును మేపే మనిషి నడుం పట్టుకుని ఆసుపత్రికి వస్తే, ‘ఇంట్లో పశువులున్నాయా పెద్దాయనా? ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా? పచ్చిపాలు తాగుతారా?’ అని అడిగే డాక్టరు దొరకడం కష్టం. దూడకున్న యోగం దాని యజమానికి లేదు.

రెండో మాట సంగతి తర్వాత చూద్దాం. ఇక మూడో మాట. ‘మందులు వేశాం, తగ్గింది, కాబట్టి టీబీయే.’ వినడానికి ఇంత నిక్కచ్చిగా ఉండే వాదం మరొకటి లేదు, ఇంత డొల్ల వాదమూ లేదు. టీబీకి ఇచ్చే నాలుగు మందుల్లో కీలకమైనది రిఫాంపిసిన్. అది టీబీ క్రిమి ఒక్కదానికే పరిమితమైన మందు కాదు. మామూలుగా చీము పుట్టించే స్టెఫైలోకాకస్ మీద పనిచేస్తుంది. బ్రూసెల్లా మీద పనిచేస్తుంది. అసలు బ్రూసెల్లా చికిత్సలో డాక్సీసైక్లిన్‌కు జతగా ఇచ్చే మందుల్లో ఇదొకటి. పాత టీబీ కోర్సుల్లో ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షనూ బ్రూసెల్లాకు పనికొచ్చేదే. అందువల్ల బ్రూసెల్లా రోగికి టీబీ కోర్సు ఇస్తే కొన్నాళ్లకు జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి లేచి నాలుగడుగులు వేస్తాడు. నడుం బెల్టూ, మంచం మీద విశ్రాంతీ తమ వంతు సాయం చేస్తాయి. డాక్టరు గారికి తన అంచనా నిజమైందన్న తృప్తి. కానీ సరైన జోడు మందు లేని రిఫాంపిసిన్ ఆ క్రిమిని అణచగలదేమో గానీ వేళ్లతో పెకలించలేదు. రోగం తిరగబెడుతుంది. అప్పుడు ‘మందులు సరిగ్గా వేసుకోలేదు’ అని నింద రోగి మీద పడుతుంది. లేదంటే ‘మందులకు లొంగని టీబీ’ అన్న కొత్త పేరుతో ఇంకా బరువైన మందులు మొదలవుతాయి. మొదటి అంచనా తప్పేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు, ఎందుకంటే ఒకసారి తగ్గింది కదా!

అసలే తగ్గని రోగి గతి మరోరకం. మెలియాయిడోసిస్ అనే పేరు తెలుగువాళ్లలో చాలామంది మొదటిసారి విన్నది 2025లో, గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల సమయంలో పత్రికలు ఆ అనుమానాన్ని రాసినప్పుడు. రోగం మాత్రం కొత్తది కాదు. ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి 1912లోనే రంగూన్ నుంచి దీన్ని వర్ణించారు. దీని క్రిమి బర్ఖోల్డెరియా సూడోమాలై తడి నేలలో, నిలవ నీటిలో బతుకుతుంది. వానాకాలంలో ఎక్కువగా సోకుతుంది. షుగరు ఉన్నవాళ్లంటే దానికి మరీ చులకన. పది కోట్ల మందికి షుగరున్న దేశంలో, చెప్పుల్లేకుండా వరి మడిలో దిగే రైతులున్న ప్రాంతంలో ఇది అరుదని ఎవరు తేల్చారు? ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి సుమారు 1,65,000 మందికి ఇది సోకుతుందనీ, 89,000 మంది చనిపోతున్నారనీ 2016లో ఒక అంచనా వెలువడింది. అందులో పెద్ద వాటా దక్షిణాసియాదే. ఈ క్రిమి ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో గడ్డలు వేసినట్టే వెన్నులోనూ వేస్తుంది. టీబీ మందులు నాలుగూ కలిసి దీన్ని ఏమీ చేయలేవు. దీనికి సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనమ్ ఇంజెక్షన్లు, తర్వాత నెలల పాటు కోట్రైమోక్సజోల్ మాత్రలు కావాలి. పేరు తెలిస్తే మందుంది. తెలియకపోతే రోగి టీబీ మాత్రలు మింగుతూనే పోతాడు.

ఇంకా ఉన్నాయి. సికిల్ సెల్ ఉన్న పిల్లల ఎముకల్లో సాల్మొనెల్లా. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. చిన్నపిల్లల డిస్కులో కింగెల్లా. వెన్ను ఆపరేషన్ తర్వాత నెలలకు బయటపడే క్యూటిబాక్టీరియం. టీబీకి దాయాదులైన ఇతర మైకోబాక్టీరియాలు వచ్చినప్పుడైతే స్లైడు మీద అచ్చం టీబీ క్రిమిలాగే ఎర్రగా మెరుస్తాయి, మందులు మాత్రం వేరే.

‘ఇవన్నీ ఉంటే, క్రిమిని ప్లేటు మీద పెంచి చూసే కల్చర్‌లో వస్తాయి కదా’ అంటారు. ఎలా వస్తాయి? రోగి పెద్దాసుపత్రికి వచ్చేలోపే ఊళ్లో ఆరెంపీ రెండు రకాల యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు పొడిచి ఉంటాడు, పట్నంలో నర్సింగ్ హోమ్ ఇంకో రెండు రాసి ఉంటుంది. సగం చచ్చిన క్రిమి కల్చర్ ప్లేటు మీద మొలవదు. బతికున్నవైనా కొన్ని నిదానంగా పెరుగుతాయి. బ్రూసెల్లాకు వారాలు పట్టొచ్చు, క్యూటిబాక్టీరియానికి పది పద్నాలుగు రోజులు కావాలి. మన లాబుల్లో చాలా ప్లేట్లు అంతకు చాలా ముందే చెత్తబుట్టకు చేరతాయి. మెలియాయిడోసిస్ క్రిమి మామూలు ప్లేటు మీదే పెరిగినా, సూడోమోనాస్ అనో, బయటి నుంచి పడ్డ మలినమనో పక్కన పెట్టేస్తారు. అన్నిటికన్నా కడుపు మండించే విషయం ఫార్మలిన్. ఆపరేషన్ థియేటర్లో తీసిన ముక్కనంతా ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి పెథాలజీకి పంపేయడం మన దగ్గర మామూలు. ఫార్మలిన్ పడిన క్షణాన క్రిమి చస్తుంది, ఇక కల్చర్ లేదు. డీఎన్‌ఏ కూడా ముక్కలు ముక్కలై జన్యు పరీక్షకు సరిగా పనికిరాకుండా పోతుంది. రోగి వెన్ను కోసి తీసిన ఆధారాన్ని మన చేతులతోనే చెరిపేసి, ఆ తర్వాత ఏ క్రిమీ దొరకలేదు కాబట్టి టీబీయే అంటున్నాం.

సరిగ్గా ఇక్కడే సీక్వెన్సింగ్ అవసరం వస్తుంది. బాక్టీరియాలన్నిటిలోనూ 16ఎస్ అనే జన్యువు ఉంటుంది. పొడవు సుమారు 1,500 అక్షరాలు. దానిలో కొన్ని భాగాలు అన్ని బాక్టీరియాల్లో దాదాపు ఒకేలా ఉంటాయి, కొన్ని భాగాలు జాతిజాతికీ మారతాయి. 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ జీవకోటి వంశవృక్షాన్నే తిరగరాసింది ఈ రకం పోలికలతోనే. మారని భాగాలను ఆనవాలుగా పట్టుకుని, పీసీఆర్‌తో ఆ జన్యువును లక్షల నకళ్లుగా పెంచి, మారే భాగాన్ని చదివి, ప్రపంచంలో నమోదైన జన్యు వరసలతో పోల్చితే క్రిమి పేరు బయటపడుతుంది. క్రిమి బతికి ఉండనక్కర్లేదు, ప్లేటు మీద మొలవనక్కర్లేదు. 1907లో వర్ణించిన విపుల్ వ్యాధికి కారణమైన బాక్టీరియాను దశాబ్దాల పాటు ఎవరూ పెంచలేకపోయారు. 1992లో డేవిడ్ రెల్మన్ బృందం దాన్ని ఈ జన్యువు ద్వారానే పట్టుకుంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి ఈ పరీక్షను 2000ల తొలినాళ్ల నుంచే రోజువారీ సేవగా నడుపుతోంది.

మెటాజీనోమిక్స్ ఇంకో మెట్టు పైది. అందులో ఫలానా జన్యువని ఎంచుకోకుండా నమూనాలో ఉన్న డీఎన్‌ఏ మొత్తాన్నీ చదువుతారు. 2014లో వెలువడిన ఒక నివేదిక ప్రకారం, అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెదడువాపుతో కోమాలోకి జారిన 14 ఏళ్ల కుర్రవాడి వెన్నునీటిని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన చార్లెస్ చూ బృందం ఇలా చదివి, రెండు రోజుల్లో లెప్టోస్పైరాను బయటపెట్టింది. మన ఊళ్లలో ఎలుక జ్వరం అనే రోగం తాలూకు క్రిమే. అంతకుముందు చేసిన పరీక్షలేవీ దాన్ని పట్టలేదు. ఆ పేరు తెలిశాక చికిత్స ఏమిటో తెలుసా? పెన్సిలిన్. పిల్లవాడు కోలుకున్నాడు.

‘డబ్బున్న దేశాల ముచ్చట’ అన్న మాట దగ్గరికి వద్దాం. జన్యు పరీక్ష మనకు పరాయిదేమీ కాదు. సీబీనాట్ అని జిల్లా ఆసుపత్రుల్లో చేసేది జన్యు పరీక్షే. గోవాలో తయారయ్యే ట్రూనాట్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆమోదించింది. అయితే వాటికి తెలిసింది ఒకే ప్రశ్న: టీబీ ఉందా, ఉంటే రిఫాంపిసిన్‌కు లొంగుతుందా? లేదన్న జవాబు వస్తే ‘మరి ఎవరున్నారు?’ అని అడిగే పరీక్ష 16ఎస్. మొదటి ప్రశ్నకు డబ్బుంది, రెండో ప్రశ్నకు లేదట! కోవిడ్ వచ్చినప్పుడు 2020 డిసెంబరులో దేశం పది లాబులతో ఇన్సాకాగ్ ఏర్పాటు చేసి వైరస్ జన్యువులను చదివించింది. ఆ పదిలో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. యంత్రాలున్నాయి, చదవగల మనుషులున్నారు. లేనిదల్లా ఆసుపత్రి థియేటర్ నుంచి అక్కడికి ఒక ముక్కను చల్లగా చేరవేసే ఏర్పాటు, రిపోర్టును అర్థం చేసుకుని డాక్టరుకు చెప్పే మైక్రోబయాలజిస్టు.

మెటాజీనోమిక్స్ ఇప్పటికీ ఖరీదైనదే, ఒప్పుకుంటాను. ప్రతి నడుం నొప్పికీ చేయమని ఎవరూ అడగడం లేదు. ఒక్క 16ఎస్ జన్యువును చదవడం మాత్రం లాబుల్లో మామూలు పని. ఖర్చు లెక్క వేసేవాళ్లు రెండో పక్కా వేయాలి. ఏడాది పాటు తప్పు మందులు, కాలేయం దెబ్బతిందేమోనని మాటిమాటికీ రక్తపరీక్షలు, టీబీ మందైన ఇథాంబ్యుటాల్ వల్ల చూపు మందగిస్తుందన్న భయం, మళ్లీ మళ్లీ ఎమ్మారైలు, పని మానుకున్న నెలలు, చివరికి కూలిన వెన్నుపూసకు రాడ్లు, స్క్రూలు. పరీక్ష ఖరీదనేవాళ్ల బిల్లులో ఇవేవీ కనపడవు.

టీబీయే అని తేలినా పని పూర్తి కాదు. 2014-16లో జరిగిన జాతీయ సర్వేలో, కొత్తగా టీబీ వచ్చినవారిలో 2.84 శాతం, ఇదివరకే చికిత్స పొందినవారిలో 11.6 శాతం మందిలో రెండు ప్రధాన మందులకూ లొంగని టీబీ కనబడింది. అది ఊపిరితిత్తుల టీబీ మీద చేసిన సర్వే. వెన్నులో కూర్చున్న క్రిమికి మందులకు లొంగని ఆ మొండితనం ఉందో లేదో ముక్క తీయకుండా ఎలా తెలుస్తుంది? కాబట్టి టీబీయే అని గట్టిగా నమ్మే డాక్టరుకు కూడా ముక్క కావాలి. నిజానికి ఆయనకే ఎక్కువ కావాలి.

ముక్క తీయడం ప్రమాదమన్న భయం పాతకాలపుది. స్కానింగ్ చూస్తూ, మత్తు సూది వేసి, చర్మం గుండా సన్నని సూదితో తీస్తారు. ప్రమాదం బొత్తిగా లేదనను, తక్కువ. ఆరోగ్యం నిలకడగా ఉండి, కాళ్లు బలహీనపడని రోగికి క్రిమి తేలేదాకా యాంటీబయోటిక్స్ మొదలుపెట్టకుండా ఆగాలని అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2015 మార్గదర్శకాల్లోనే సూచించింది. కాళ్లు చచ్చుబడుతున్నా, రక్తానికి విషం పాకుతున్నా ఆగకూడదు, అది వేరే సంగతి. నెలల తరబడి నొప్పితో తిరిగిన మనిషికి మరో వారం ఆగడం వల్ల వచ్చే నష్టం కన్నా, పేరు తెలియని క్రిమితో ఏడాది గడపడం వల్ల వచ్చే నష్టం పెద్దది.

ఇంత చెప్పాక సీక్వెన్సింగ్ అమ్మేవాళ్ల గురించీ ఒక మాట అనకపోతే అన్యాయం. ఒక్క పరీక్షతో క్రిములన్నీ బయటపడతాయని బ్రోషర్లు పంచేవాళ్లు తయారయ్యారు. నమ్మకండి. నమూనాలోని డీఎన్‌ఏలో అత్యధిక భాగం రోగిదే, క్రిమిది రవ్వంత. ఆ రవ్వలో చర్మం మీదివీ, పరీక్ష కిట్‌లో ఉన్నవీ కలిసిపోతాయి. రిపోర్టులో క్యూటిబాక్టీరియం పేరుంటే అది రోగమో, సూది దిగిన చర్మం తాలూకు మురికో తేల్చుకోవాల్సింది మనిషి. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటుంది. ఏ మందుకు లొంగుతుందో 16ఎస్ చెప్పదు, ఆ పని కల్చర్‌దే. గట్టి గోడలున్న టీబీ క్రిములు కొద్దిగానే ఉంటే 16ఎస్ వాటిని పట్టలేకపోవచ్చు. ఫంగస్‌ను అది చూడనే చూడదు. అందువల్ల వరస ముఖ్యం. ముందు రోగితో మాట్లాడాలి: పశువులు, పొలం, పచ్చిపాలు, షుగరు, పాత ఆపరేషన్లు. తర్వాత రక్తం కల్చర్, చౌకగా అయిపోయే బ్రూసెల్లా రక్తపరీక్ష. ఆపైన ముక్క, దాని మీద సీబీనాట్, టీబీ కల్చర్, మామూలు కల్చర్, పెథాలజీ. ఇవన్నీ మౌనం వహించినప్పుడు, అప్పటికే చల్లగా దాచి ఉంచిన ముక్క మీద 16ఎస్. అదీ తేల్చకపోతే మెటాజీనోమిక్స్. రెండేళ్ల తర్వాత దారులన్నీ మూసుకుపోయాక చేయించే పరీక్ష కాదిది, మొదటి నెలలోనే అందుబాటులో ఉండాల్సింది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చేయగలిగింది పెద్దదేం కాదు. ఒక్కో రాష్ట్రంలో ఒక్క బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగాన్ని దీనికి కేంద్రంగా పెట్టి, జిల్లాల నుంచి ముక్కలు అక్కడికి చేరే ఏర్పాటు చేయాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల ప్యాకేజీల్లో వెన్ను ఆపరేషన్‌కు చోటున్నప్పుడు ఆ ఆపరేషన్‌లో తీసిన ముక్క జన్యు పరీక్షకూ ఒక పద్దు ఉండాలి. ప్రతి ఆపరేషన్ థియేటర్లో ఫార్మలిన్ సీసా పక్కన స్టెరైల్ సెలైన్ సీసా ఒకటి ఉండాలని ఉత్తర్వు ఇవ్వడానికైతే బడ్జెట్టే అక్కర్లేదు.

ఇప్పటికే వెన్ను టీబీకి మందులు వాడుతున్నవారు ఇది చదివి మాత్రలు ఆపేయకండి, మీది టీబీయే అయ్యే అవకాశం ఎక్కువ. మీ డాక్టరు గారిని మాత్రం ఒక్కటి అడగండి. మీ ఇంట్లో ఎవరికైనా రేపు వెన్నులో చీము అని ఎమ్మారై రిపోర్టు వస్తే, మొదటి మాత్ర మింగించే ముందే అడగండి: ‘ముక్క తీశారా సార్? ఫార్మలిన్ లేని సీసాలో కూడా వేశారా?’